మేనరికమా అని అడిగి ఊరుకుంటే చాలదు

"దగ్గరి సంబంధమేనా?"

నెల తప్పిన అమ్మాయి మొదటిసారి దవాఖానకు పోయినప్పుడు వినే ప్రశ్నల్లో ఇదొకటి. యాదగిరిగుట్ట, ఆలేరు, రాజాపేట, తుర్కపల్లి పక్కల "మా మేనబావనే మేడం", "అమ్మకు సొంత తమ్ముడే" అన్న జవాబులు ఇప్పటికీ వినిపిస్తాయి. జవాబు కార్డు మీదికెక్కుతుంది. బరువు చూస్తారు, బీపీ చూస్తారు, రక్తం తీస్తారు, ఐరన్ గోలీలు చేతిలో పెట్టి మళ్లీ ఎప్పుడు రావాలో చెబుతారు. మేనరికమని తెలిసింది కదా, మరి దాని సంగతేంటన్న మాట మాత్రం చాలాచోట్ల ఎవరూ ఎత్తరు. అడగాల్సింది అడిగారు. ఆ జవాబుతో చేయాల్సిన పని అలాగే మిగిలిపోయింది.

ఆ మిగిలిపోయిన పనే జెనెటిక్ కౌన్సెలింగ్. తల్లిదండ్రుల నుంచి బిడ్డకు ఏదైనా జబ్బు వచ్చే అవకాశం ఎంత, దాన్ని కనిపెట్టే పరీక్షలేమిటి, అవి ఏ వారంలో చేయించుకోవాలి, ఫలితం వచ్చాక ఏమేం దారులుంటాయి? ఇవన్నీ ఆలుమగలిద్దరినీ కూర్చోబెట్టి, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో తీరిగ్గా చెప్పడమే ఆ పని. పరీక్షలు ఇవాళ పల్లెదాకా వచ్చేశాయి. ల్యాబులవాళ్లు ఇంటికొచ్చి రక్తం తీసుకుపోతున్నారు. చెప్పే మనిషే ఇంకా రాలేదు.

ఆ మనుషులు గుట్టకు మరీ దూరంలో కూడా లేరు. గుట్టలో హైదరాబాద్ బస్సెక్కితే భువనగిరి దాటాక బీబీనగర్‌లో ఎయిమ్స్ వస్తుంది. అక్కడ 2019లోనే ఎంబీబీఎస్ తొలి బ్యాచ్ మొదలైంది. బస్సు ఉప్పల్ చేరితే అక్కడే సీడీఎఫ్‌డీ ఉంది. డీఎన్‌ఏ వేలిముద్రలతో నేరాలు తేల్చే సంస్థగా దాని పేరు పత్రికల్లో కనిపిస్తుంది గానీ, వంశపారంపర్య వ్యాధుల నిర్ధారణ కూడా దాని ప్రధానమైన పనే. ఇంకాస్త ముందుకు పోతే హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ. పంజాగుట్టలో నిమ్స్, అందులో మెడికల్ జెనెటిక్స్ విభాగం. బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయపు జెనెటిక్స్ సంస్థ, దానికి అనుబంధంగా జన్యు వ్యాధుల ఆసుపత్రి. 2021లో కేంద్రం అరుదైన వ్యాధుల జాతీయ విధానం తెచ్చినప్పుడు దేశం మొత్తానికి ఎంపిక చేసిన కొద్దిపాటి ఉన్నత కేంద్రాల్లో నిమ్స్, సీడీఎఫ్‌డీ జంట ఒకటి. రెండు గంటల ప్రయాణంలో ఇంత విద్య ఉంది. అయినా గుట్ట పక్క ఊరి గర్భిణి అక్కడికి చేరేసరికి ఆరో నెలో ఏడో నెలో దాటిపోతోంది. లేదంటే ఒక బిడ్డ జబ్బుతో పుట్టాక, రెండో కాన్పుకు వస్తోంది.

రక్తం కాగితంలో ఉన్న కబురు

తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వచ్చే రక్తపు జబ్బు థలసీమియా సంగతే తీసుకుందాం. మన దగ్గర ముందుగా మాట్లాడుకోవాల్సిన జబ్బు ఇదే అని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకంటే దాని జాడ మొదటి నెలల్లో తీసే మామూలు రక్త పరీక్షలోనే ఉంటుంది.

ఆ పరీక్ష ఫలితమే సీబీపీ కాగితం, అందరికీ తెలిసిందే. సర్కారు దవాఖానలో తీసిన రక్తాన్ని తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబులో ఉచితంగానే పరీక్షిస్తారు. కాగితం రాగానే అందరి కళ్లూ పోయేది హిమోగ్లోబిన్ మీదికే. 9.8 అని ఉందనుకోండి, "రక్తం తక్కువుంది, ఆకుకూరలు తిను, గోలీలు ఆపకు" అంటారు. దాని కిందే ఇంకో రెండు అంకెలుంటాయి. ఎర్ర రక్తకణం ఎంత పెద్దగా ఉందో చెప్పే ఎంసీవీ 66. కణాల సంఖ్య 56 లక్షలు, కాగితం మీద 5.6 అని ఉంటుంది. ఐరన్ తక్కువైతే కణం చిన్నదవుతుంది, కణాల సంఖ్య కూడా పడిపోతుంది. థలసీమియా మైనర్ ఉన్న మనిషిలో కణాలు చిన్నవే, కానీ సంఖ్య తగ్గదు, పైగా ఎక్కువే ఉంటుంది. ఎంసీవీని కణాల సంఖ్యతో భాగించి చూస్తారు డాక్టర్లు. 66ను 5.6తో భాగిస్తే 12కు లోపే వస్తుంది. 13 కంటే తక్కువ వచ్చిందంటే థలసీమియా అనుమానించాలి. అనుమానం తీర్చేది హెచ్‌బీఏ2 పరీక్ష. అందులో 3.5 శాతం దాటితే ఆమె థలసీమియా మైనర్ అని లెక్క. ఐరన్ బాగా తక్కువున్నప్పుడు ఈ అంకె కొంచెం కిందికి జరిగి మోసం చేయవచ్చు, కాబట్టి రెండు కాగితాలూ డాక్టరే కలిపి చూడాలి.

మైనర్ అంటే జబ్బు కాదు. ఆమెకు ఏమీ కాదు, పొలం పనీ చేసుకుంటుంది, బడిలో పాఠమూ చెప్పుకుంటుంది. మన ఒంట్లో దాదాపు ప్రతి జన్యువూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులుగా ఉంటుంది. ఇంటికి రెండు తాళంచెవులున్నట్టు. ఒకటి పాడైనా రెండోదానితో తలుపు తెరుచుకుంటుంది. చిక్కంతా భర్త దగ్గర కూడా అదే చెవి పాడై ఉన్నప్పుడే. అప్పుడు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం, బిడ్డకు రెండూ పాడైనవే వస్తాయి. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదనుకోవడం తప్పు. ప్రతిసారీ ఆ నాలుగింట ఒక వంతు కొత్తగానే నిలబడుతుంది.

ఆ బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉంటుంది. ఆరో నెల నుంచి తెల్లబారడం మొదలవుతుంది. పాలు తాగదు, బరువు పెరగదు. పొట్ట ఉబ్బుతుంది. అక్కడి నుంచి రెండు వారాలకో, నాలుగు వారాలకో ఒకసారి రక్తం ఎక్కించాలి, బతికినన్నాళ్లూ. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుపోకుండా రోజూ మందు వాడాలి. పూర్తిగా నయం కావాలంటే ఎముక మూలుగ మార్పిడి చేయాలి, దానికి సరిపోయే దాత దొరకాలి, లక్షల రూపాయలు కావాలి. ఇలాంటి పిల్లలు మన దేశంలో ఏటా 10 వేలకు పైగా పుడుతున్నారని అంచనా. జనాభాలో నూటికి ముగ్గురు నలుగురు థలసీమియా మైనర్లే.

హైదరాబాద్ రాజేంద్రనగర్ దారిలో శివరాంపల్లి దగ్గర థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఉంది. 1998లో మొదలైంది. జిల్లాల నుంచి తల్లులు పిల్లల్ని తీసుకొచ్చి రక్తం ఎక్కించుకుపోయే చోటు అది. రక్తం ఎక్కిస్తూ కూర్చుంటే ఈ బాధ తీరదని, పుట్టకముందే పట్టుకోవాలని ఆ సంస్థ మహబూబ్‌నగర్ జిల్లాలో గర్భిణులకు హెచ్‌బీఏ2 పరీక్షలు చేసే కార్యక్రమం చేపట్టింది. అక్కడ జరిగింది మన ఉమ్మడి నల్లగొండలో ఎందుకు జరగకూడదు? రెండు జిల్లాల జీవితమూ ఒకలాంటిదే. తండాలు అటూ ఉన్నాయి, ఇటూ ఉన్నాయి. అయితే తండాల పేరెత్తగానే ఇదేదో లంబాడాల జబ్బు అనుకునే ప్రమాదం ఉంది. సింధీ, పంజాబీ కుటుంబాల్లో ఎప్పటినుంచో ఉన్నదే ఇది. ఏ కులంలోనైనా ఉంటుంది. పరీక్ష అందరికీ చేస్తేనే ఏ ఒక్కరికీ మచ్చ అంటదు.

ఇక కాలం సంగతి. భార్య మైనర్ అని తేలిన రోజే భర్త రక్తం తీయాలి. ఆయన భీవండి మగ్గాల మీద ఉండవచ్చు, పుణెలో భవనాల పనిలో ఉండవచ్చు, దుబాయ్‌లో ఉండవచ్చు. వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఉన్నచోటే హెచ్‌బీఏ2 చేయించుకుని కాగితం ఫొటో పంపినా మొదటి అడుగు పడినట్టే. ఇద్దరూ మైనర్లే అయితే ఇద్దరి డీఎన్‌ఏలో లోపం ఎక్కడుందో ముందు పట్టుకోవాలి. ఆ తర్వాత 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి, బిడ్డకు ఆ లోపం ఎన్ని ప్రతుల్లో వచ్చిందో చూస్తారు. ఆ గడువు దాటితే 16వ వారం తర్వాత ఉమ్మనీరు తీస్తారు. గర్భం పోయే ప్రమాదం అనుభవమున్న చేతుల్లో నూటికి ఒకటికి మించదు. లెక్క వేసుకోండి: నాలుగో నెలలో మొదటిసారి దవాఖాన గడప తొక్కిన అమ్మాయికి ఇన్ని మెట్లెక్కే సమయం ఎక్కడుంది?

తెల్ల కాగితం మీద ఒక కుటుంబం

జెనెటిక్ కౌన్సెలర్ ముందు కూర్చున్న ఆలుమగలకు మొదట సూది కనిపించదు, తెల్ల కాగితం కనిపిస్తుంది. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా. ఇద్దరికీ పెళ్లయితే మధ్యలో ఒక గీత. వాళ్లు దగ్గరి చుట్టాలైతే రెండు గీతలు. కింద పిల్లలు, పైన తల్లిదండ్రులు, ఇంకా పైన తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు. జబ్బు ఉన్నవాళ్ల గుర్తును నల్లగా నింపుతారు. పురిట్లో పోయిన బిడ్డలు, పడిపోయిన గర్భాలు, మాటలు రాని చిన్నాన్న, ఏడేళ్లకే నడక ఆగిపోయిన మేనమామ కొడుకు అందరూ ఆ కాగితం మీదికొస్తారు. మామూలుగా ఇళ్లలో ఎవరూ ఎత్తని పేర్లు అక్కడ బయటికొస్తాయి. "మా అత్తమ్మకు ఇద్దరు పోయిన్రు, చెప్పొద్దన్నరు" అని ఒక కోడలు చెప్పే మాటలో వైద్యానికి కావాల్సిన సమాచారం ఎంతుందో చెప్పలేం.

ఆ బొమ్మ పూర్తయ్యేసరికి ఇంకో మంచి పని కూడా జరుగుతుంది. నింద మోయాల్సిన పని తల్లికి తప్పుతుంది. బిడ్డలో ఏ లోపం కనిపించినా మన ఊళ్లలో ముందు చూపు తల్లి మీదికే పోతుంది. గ్రహణం రోజు బయటికొచ్చిందనో, ఫలానాది తిన్నదనో, ఆమె పుట్టింటివాళ్ల రక్తమే అంతనో అంటారు. రెండు ప్రతులూ పాడైతేనే వచ్చే జబ్బులో సగం తండ్రి నుంచి, సగం తల్లి నుంచి వచ్చిందని కాగితం మీద అత్తమామలకు కూడా కనిపించాలి. అందుకే కౌన్సెలింగ్‌కు ఇద్దరూ రావాలి, కుదిరితే పెద్దవాళ్లూ రావాలి.

మేనరికం గురించి కూడా అక్కడే సరైన లెక్క దొరుకుతుంది. ఏ బంధుత్వమూ లేని జంటకు పుట్టే వందమంది పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక పుట్టుకలోపం ఉంటుంది. మేనబావ మరదళ్ల పిల్లల్లో దానికి ఇంకో రెండు మూడు కలుస్తాయి. మేనమామను చేసుకుంటే అంతకంటే ఎక్కువ. అంటే మేనరికపు జంటల్లో కూడా ఎక్కువమందికి ఆరోగ్యవంతులైన పిల్లలే పుడతారు. ఈ మాట చెప్పకుండా, కడుపుతో ఉన్న అమ్మాయిని "మేనరికం ఎందుకు చేసుకున్నవ్?" అని కసురుకోవడంలో వైద్యం లేదు. ఆ పెళ్లి ఆమె ఒక్కతే చేసుకోలేదు. జరిగిపోయిన పెళ్లిని తిట్టే బదులు ఆ జంటకు ప్రత్యేకంగా ఏ పరీక్షలు కావాలో చూడటమే మేలు.

బయటి సంబంధమైతే నిశ్చింతగా ఉండవచ్చా? అదీ కాదు. సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్, అమెరికాలోని హార్వర్డ్ పరిశోధకులు కలిసి 2017లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. దక్షిణాసియాలో 260కి పైగా సముదాయాల్ని పరిశీలిస్తే, వాటిలో 81 సముదాయాలు చాలా కొద్దిమంది పూర్వీకుల నుంచే విస్తరించినట్టు తేలింది. ఆ 81లో 14 సముదాయాల జనాభా పది లక్షలకు పైనే. అందులో మన వైశ్యుల ఉదాహరణ కూడా ఉంది. వాళ్లలో కొందరికి ఆపరేషన్ సమయంలో ఇచ్చే ఒక రకం మత్తు సంబంధిత మందు పడదు, కండరాలు చాలాసేపటిదాకా తేరుకోవు. కారణం వంశపారంపర్యంగా వచ్చే ఒక ఎంజైమ్ లోపం. వందల ఏళ్లుగా కులం లోపలే పెళ్లిళ్లు జరిగితే, చుట్టరికం తెలియకపోయినా పూర్వీకులు ఒకరే కావచ్చు. కాబట్టి దగ్గరి సంబంధమా అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు.

నల్లగొండకు ఇంకో ప్రత్యేకమైన చిక్కుంది. ఇక్కడ పిల్లల కాళ్లు వంకరపోతే అందరూ నీళ్ల వల్లే అనుకుంటారు. ఫ్లోరైడ్ చేసిన అన్యాయం అలాంటిది. కానీ ఫ్లోరైడ్ జబ్బు వంశంలో వచ్చేది కాదు, ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే వచ్చేది. ఎముకల ఎదుగుదలలో పుట్టుకతోనే వచ్చే జన్యు లోపాలు వేరే ఉన్నాయి. ఒక బిడ్డకు ఎముకల లోపముంటే నీళ్లని సరిపెట్టుకోకుండా, రెండో కాన్పుకు ముందే ఒకసారి జెనెటిక్స్ డాక్టర్‌కు చూపించాలి.

హై రిస్క్ అన్న రెండు మాటలు

పట్నం అలవాట్లతో పాటు భువనగిరి దాకా వచ్చిన ఇంకో పరీక్ష డబుల్ మార్కర్. 11 నుంచి 14 వారాల మధ్య ఎన్‌టీ స్కాన్‌లో బిడ్డ మెడ వెనక నీటి మందం కొలిచి, తల్లి రక్తంలో రెండు పదార్థాలు చూసి, డౌన్ సిండ్రోమ్ అవకాశాన్ని లెక్క కడతారు. రిపోర్టులో ఎర్రక్షరాలతో "హై రిస్క్, 1:180" అని వస్తుంది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ అన్నం తినరు. ఇలాంటి ఫలితమే వచ్చిన 180 మంది గర్భిణుల్ని ఒకచోట కూర్చోబెడితే అందులో ఒక్కరి బిడ్డకు ఆ లోపం ఉంటుంది, 179 మంది బిడ్డలకు ఉండదని వాళ్లకు ఎవరు చెప్పాలి? రిపోర్టు ఇచ్చిన కౌంటర్‌లోని అబ్బాయా? "లో రిస్క్" అన్నా సున్నా అని కాదు. ఇది వడపోత మాత్రమే, నిర్ధారణ కాదు. ఆ ఒక్క కాగితం చూసి గర్భం తీయించుకోవడం ఘోరం. అలాంటి తొందర ఏ ఇంట్లోనూ పడకూడదు.

1997లో హాంకాంగ్‌కు చెందిన డెనిస్ లో బృందం తల్లి రక్తంలోనే బిడ్డ డీఎన్‌ఏ తునకలు తేలుతుంటాయని కనిపెట్టింది. దాని మీద ఆధారపడి వచ్చిందే ఎన్‌ఐపీటీ పరీక్ష. పదో వారం నుంచే చేయవచ్చు, డౌన్ సిండ్రోమ్ విషయంలో చాలా నమ్మకమైనది. కానీ వేల రూపాయల ఖర్చు, పైగా ఇది కూడా వడపోతే. తేడా వస్తే మాయనో ఉమ్మనీరునో పరీక్షించి ఖాయం చేసుకోవాల్సిందే. ఈ పరీక్షల్లో బిడ్డ ఆడో మగో తెలిసే వీలుంది, చెప్పడం మాత్రం నేరం. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ఎంత కఠినంగా ఉన్నా తక్కువే అనిపించే సమాజం మనది. అదే చట్టంలో మన గర్భిణులకు తెలియని ఇంకో హక్కు కూడా ఉంది. ఉమ్మనీరు, మాయ లాంటి పరీక్ష చేసేముందు దాని మంచిచెడ్డలన్నీ ఆమెకు వివరించాలి. ఆమెకు తెలిసిన భాషలో రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. ఆ కాగితం నకలు ఆమె చేతికివ్వాలి. తెలుగు తప్ప వేరే భాష రాని అమ్మాయితో ఇంగ్లిష్ ఫారం మీద సంతకం పెట్టించుకుంటే చట్టాన్ని పాటించినట్టు కాదు.

బిడ్డ అవయవాలను చూసే ఐదో నెల టిఫా స్కాన్ సంగతి మనవాళ్లకు బాగానే తెలుసు. 2022 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 44 సర్కారు దవాఖానల్లో 56 టిఫా యంత్రాలు పెట్టింది. మంచి పని. 18 నుంచి 20 వారాల మధ్య చేయించుకుంటేనే దాని ఉపయోగం. అప్పుడైతే లోపం కనిపించినా ఆలోచించుకునే సమయం ఉంటుంది. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో గర్భం తీయించుకునే గడువు 24 వారాల దాకా ఉంది. బిడ్డలో తీవ్రమైన లోపముందని మెడికల్ బోర్డు తేలిస్తే ఆ తర్వాత కూడా అనుమతి ఉంది.

ఒకటి మాత్రం స్పష్టంగా చెప్పాలి. పరీక్ష చేయించుకుంటే గర్భం తీయించుకోవాల్సిందే అని ఎక్కడా లేదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డను కని, ప్రేమగా పెంచుకునే తల్లిదండ్రులున్నారు. వాళ్ల నిర్ణయం ఎవరికంటే తక్కువది కాదు. ముందే తెలిస్తే, బిడ్డకు గుండె సమస్య ఉన్నా దాన్ని చూడగల పెద్ద దవాఖానలో కాన్పుకు ఏర్పాటు చేసుకోవచ్చు. ఇంకొందరు వేరే నిర్ణయం తీసుకుంటారు. రెండు వైపులా నిజం చెప్పి, పక్కన నిలబడటమే కౌన్సెలర్ పని. నిర్ణయం ఆ ఆలుమగలదే.

గుట్ట చేయగలిగిన మేలు

ఇన్ని వారాల పరుగు లేకుండా థలసీమియా పరీక్ష, కౌన్సెలింగ్ జరిగే సమయం ఒకటుంది. అది పెళ్లయ్యాక, కడుపు పండకముందు. పెళ్లికి ముందు పరీక్ష పెడితే మైనర్ అని తేలిన అమ్మాయి సంబంధమే తప్పిపోతుంది, ఆ భయం నిజమైనదే. కడుపుతో ఉన్నప్పుడైతే కాలం చాలదు. పెళ్లైన తొలి నెలల్లో ఈ రెండు ఇబ్బందులూ ఉండవు. ఆ నెలల్లో తెలంగాణ కొత్త జంటలు ఎక్కడికొస్తాయో మనకు తెలుసు. గుట్టకొస్తాయి. పసుపు బట్టలతో, బంధువులందరితో వచ్చి సత్యనారాయణ వ్రతం చేసుకుంటాయి. కార్తీకంలో అయితే వ్రత మండపాలు ఖాళీ ఉండవు. ఇక్కడి స్వామిని జనం వైద్య నరసింహుడని కొలుస్తారు. ఒంట్లో బాగాలేనివాళ్లు మండలం రోజులు ఇక్కడే ఉండి ప్రదక్షిణలు చేస్తారు.

దేవుడి గడప దగ్గరే ఈ పని మొదలైన చోటు ఒకటుంది. సైప్రస్ ద్వీపంలో ప్రతి ఏడుగురిలో ఒకరు థలసీమియా మైనర్. అక్కడి చర్చి 1980ల్లో, పెళ్లికొచ్చే జంటలు పరీక్ష చేయించుకున్నట్టు ధ్రువపత్రం తేవాలని నియమం పెట్టింది. ఫలితం ఏమిటో ఆ పత్రంలో ఉండదు, అది ఆ ఇద్దరికే తెలుస్తుంది. పెళ్లి చేసుకోవాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. జబ్బుతో పుట్టే పిల్లల సంఖ్య అక్కడ దాదాపు సున్నాకు వచ్చింది. మనకు నియమాలు, ధ్రువపత్రాలు అక్కర్లేదు. గుట్ట దేవస్థానం, జిల్లా వైద్యశాఖ కలిసి వ్రత మండపాల దగ్గర ఒక చిన్న కేంద్రం పెట్టి, ఇష్టపడిన జంటలకు ఉచితంగా రక్త పరీక్ష చేసి, ఫలితాన్ని వాళ్లిద్దరికే గుట్టుగా తెలియజేస్తే చాలు. అక్కడే ఫోలిక్ యాసిడ్ గోలీలు కూడా ఇవ్వాలి. గర్భం దాల్చకముందు నుంచే అవి వేసుకుంటే వెన్నెముక, మెదడు లోపాలు చాలావరకు తప్పుతాయి, నెల తప్పాక మొదలుపెడితే ఆలస్యమే.

అధికారులకు ఇంకో రెండు విన్నపాలు. ఉమ్మడి నల్లగొండలోని ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఎంసీవీ తక్కువ వచ్చిన ప్రతి గర్భిణికీ హెచ్‌బీఏ2 పరీక్ష మొదటి రాకలోనే జరగాలి. భువనగిరి దవాఖానలో, బీబీనగర్ ఎయిమ్స్‌లో వారానికి ఒక్కరోజైనా తెలుగులో మాట్లాడే జెనెటిక్ కౌన్సెలర్ కూర్చోవాలి. గర్భిణి ఉప్పల్ దాకా పోయేకంటే ఉప్పల్ నుంచి ఒక మనిషి ఇటు రావడమే సులువు.

ఇవన్నీ జరిగేదాకా ఆగకండి. మీ ఇంట్లో ఎవరికైనా నెల తప్పితే, మూడో నెల నిండకముందే దవాఖానకు తీసుకుపోండి. సీబీపీ కాగితంలో ఎంసీవీ అన్న వరుస వెతకండి. 80 కంటే తక్కువుంటే హెచ్‌బీఏ2 రాయమని డాక్టర్‌ను అడగండి. భర్తను కూడా వెంట తీసుకుపోండి.